ప్యాకెట్ తిండి లేకుండా 30 రోజులు: నాలుగో రోజే ఎందుకు ఆగిపోయింది, మళ్లీ ఎలా మొదలుపెట్టాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 31, కొండాపూర్‌లో ఉద్యోగం, భార్యాభర్తలిద్దరూ ఆఫీసుకు వెళ్తారు, ఐదేళ్ల పాప ఉంది. ఒకటో తారీఖు నుంచి 30 రోజులు ప్యాకెట్‌లో వచ్చినదేదీ ముట్టనని పట్టు పట్టారు. నాలుగో రోజు సాయంత్రం ఆఫీసులో ఒక బిస్కెట్ తీసుకుంటే ప్యాకెట్ మొత్తం అయిపోయింది, ఆ రాత్రే ఛాలెంజ్ వదిలేశారు. "నాకు విల్‌పవర్ లేదా? పాలు, ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, నూనె అన్నీ ప్రాసెస్ చేసినవే కదా, ఇంక ఏం తినాలి?" అని అడిగారు.

నేను 22 ఏళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను, అందులో ఎక్కువ కాలం గుంటూరులో. 2017లో నా రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు ఎక్కువగా, 240 వచ్చినప్పుడు ఇదే నియమం నేనూ పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఇంట్లో దాదాపు అలాగే తింటున్నాం. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎంతోమంది చేత చేయించాను కూడా. అందుకే ముందు మీ విల్‌పవర్ సంగతి చెప్తాను. మీరు పొద్దున టిఫిన్ దగ్గర ఆగలేదు, మధ్యాహ్నం భోజనం దగ్గర ఆగలేదు. సాయంత్రం ఐదున్నరకు ఆగారు. నేను చూసినవాళ్లలో చాలామంది సరిగ్గా ఆ వేళకే ఆగిపోయారు. ఒంటిగంటకు తిన్న అన్నం నాలుగున్నరకల్లా అరిగిపోతుంది, రాత్రి భోజనం తొమ్మిదింటికి. మధ్యలో నాలుగున్నర గంటలు. ఆ ఆకలికి చేతికి అందేది మెషీన్ టీ, పక్కన బిస్కెట్ డబ్బా. ఆ వేళకు మీ బ్యాగులో తినడానికి ఏమీ లేదు. లోటు అక్కడుంది, మీలో లేదు.

ఇక "ప్రాసెస్ చేయనిది" అంటే ఏమిటన్నది. ఈ మాటను అక్షరాలా పట్టుకుంటే బియ్యం కూడా తినలేం, వడ్లను మరలో ఆడించాకే కదా అవి బియ్యమయ్యేది. బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయంలో కార్లోస్ మొంటేరో బృందం 2009 నుంచి ఒక పద్ధతి ప్రచారంలోకి తెచ్చింది, దాన్ని నోవా వర్గీకరణ అంటారు. తిండిని నాలుగు గుంపులు చేశారు. మొదటి గుంపులో ఉన్నది ఉన్నట్టుగా గానీ, కడిగి, ఎండబెట్టి, దంచి, పిండి పట్టి, కాచి, తోడుపెట్టి గానీ తినేవి: బియ్యం, పప్పులు, కూరగాయలు, పండ్లు, పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం, పల్లీలు. రెండో గుంపులో వంటకు వాడే నూనె, నెయ్యి, ఉప్పు, పంచదార, బెల్లం. వీటిని మామూలుగా విడిగా తినం, మొదటి గుంపును వండడానికి వాడతాం. ఈ రెండూ కలిపి నిల్వకో రుచికో తయారుచేసి పెట్టేవి మూడో గుంపు. మన ఊరగాయలు, పనీర్, ఉప్పు చేప అందులోకి వస్తాయి. నాలుగోదే అల్ట్రా ప్రాసెస్డ్: మన వంటింట్లో ఎప్పుడూ ఉండని సరుకులతో ఫ్యాక్టరీలో తయారయ్యేవి. కూల్ డ్రింకులు, క్రీమ్ బిస్కెట్లు, ఇన్‌స్టంట్ నూడుల్స్, ప్యాకెట్ చిప్స్, రంగురంగుల సీరియల్స్, చాలా రకాల బ్రెడ్లు. మీ ఛాలెంజ్ ఈ నాలుగో గుంపు మీద పెట్టుకోండి, అది చాలు.

అలా చూస్తే మీ సందేహాలు చాలా వరకు తీరిపోతాయి. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవి, అంటే క్రిములు చావడానికి వేడి చేసి చల్లార్చినవి. హాయిగా వాడండి, ఇంట్లోనే తోడు పెట్టుకోండి. ఫ్లేవర్డ్ యోగర్ట్, చాక్లెట్ పాలు వేరే సంగతి. ఓట్స్‌లో ఓట్స్ తప్ప ఇంకేం లేకపోతే మంచిదే, మసాలా ఓట్స్ సాచెట్ అయితే నాలుగో గుంపు. నూనె రెండో గుంపుది, ఎంత వాడుతున్నారన్నదే ముఖ్యం. గానుగ నూనె దొరికితే వాడండి, దొరకలేదని ఛాలెంజ్ మాత్రం ఆపకండి. ఒక్క జాగ్రత్త. "సహజం" అన్న మాట విని అయోడిన్ ఉప్పు మానేసి ఇంటిల్లిపాదికీ సైంధవ లవణం వాడొద్దు. అయోడిన్ కలిపిన ఉప్పు వచ్చాకే గాయిటర్ అనే గొంతువాపు వ్యాధి తగ్గింది. ఇంట్లో చిన్న పాప ఉంది, ఈ విషయంలో ప్రయోగాలు వద్దు.

బ్రౌన్ బ్రెడ్ గురించి ప్రత్యేకంగా అడిగారు. ప్యాకెట్ వెనక్కి తిప్పండి. మన దేశంలో దినుసులను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది నిబంధన. మొదటి పదం "రిఫైండ్ వీట్ ఫ్లోర్" అని ఉంటే అది మైదా. ఆ తర్వాత గోధుమపిండి ఎంత శాతమో ఉంటుంది. కింద 150ఎ కనిపిస్తే అది కారమెల్ రంగు, గోధుమ రంగు అక్కడి నుంచి వచ్చింది. 282 అంటే బూజు పట్టకుండా వేసేది, 471, 481 అంటే మెత్తదనం కోసం వేసే ఎమల్సిఫయర్లు. ఇవన్నీ అనుమతి ఉన్నవే, ఒక ముక్క తింటే ఏమీ కాదు. కానీ ముందు బొమ్మ చూసి "గోధుమ రొట్టె తింటున్నాను" అనుకుని రోజూ నాలుగు ముక్కలు తినేవాళ్లకు నిజం తెలియాలి. పంచదార విషయంలో ఇంకో కిటుకు ఉంది. చక్కెర, ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ అని నాలుగు పేర్లతో నాలుగు చోట్ల రాస్తే ఒక్కోటీ తక్కువ బరువుతో వరుసలో కిందికి పోతుంది. నాలుగూ కలిపితే రెండో స్థానంలో ఉండాల్సినది. ఉప్పు లెక్కకు సోడియం చూడండి. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు. వంద గ్రాములకు 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. రోజు మొత్తానికి మనిషికి 5 గ్రాములు దాటకూడదు.

ఈ పనికి 30 రోజులు ఎందుకు పెట్టాలి అని మీ ఆవిడ అడిగారని రాశారు. ఆమెకు ఈ ప్రయోగం గురించి చెప్పండి. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 20 మందిని నెల రోజులు పరిశోధన ఆసుపత్రిలోనే ఉంచింది. రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, రెండు వారాలు మామూలు వంట. రెండింటిలోనూ ముందు పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానంగా ఉండేలా చూశారు, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి తిన్న రెండు వారాల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, దాదాపు 900 గ్రాముల బరువు పెరిగారు. మామూలు వంటతో దాదాపు అంతే తగ్గారు. 2019లో ప్రచురించారు. చిన్న ప్రయోగమే, కానీ నేను రోజూ చూసేదానితో సరిపోయింది. మెత్తగా నోట్లో కరిగిపోయే తిండిని మనం వేగంగా తింటాం, కడుపు నిండిన కబురు మెదడుకు చేరేలోపే ఎక్కువ తినేస్తాం. మీరు ప్యాకెట్ మొత్తం ఎందుకు తిన్నారో దీంట్లో కనిపిస్తుంది.

మన దగ్గర లక్షల మంది ఏటా 41 రోజులు ఆహార నియమం పాటించి చూపిస్తున్నారు, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు. నిన్నటిదాకా రోజుకు పది సిగరెట్లు కాల్చిన మనిషి, వారానికి నాలుగు రోజులు బిర్యానీ తిన్న మనిషి, మాల పడ్డ రోజు నుంచి మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారంతో నెలన్నర గడిపేస్తాడు. అందులో భక్తి పెద్దది, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ ఏర్పాటు చూడండి. నియమం ఏమిటో ఇంటిల్లిపాదికీ తెలుసు. వంట ఆ ఒక్కరికే మారదు, ఇంటిల్లిపాదికీ మారుతుంది. భిక్షకు పదిమంది స్వాములు కలిసి కూర్చుంటారు. ఎవరూ "ఒక్క ముక్క తినరా" అని బలవంతం చేయరు, ఒంటి మీది నల్ల బట్టలే అందరికీ చెప్తాయి. మీరేమో ఒక్కరే, మనసులో పట్టు పట్టి, ఇంట్లో అల్మరా నిండా పాత సరుకే ఉంచి, ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టారు. ఈసారి ఇంట్లో ముగ్గురూ కలిసి మొదలుపెట్టండి, పక్క సీటు స్నేహితుడికి చెప్పండి. చాలా తేడా ఉంటుంది.

మొదలుపెట్టే తేదీకి ముందు ఒక వారం తీసుకోండి. ఆ వారం ఏదీ మానొద్దు. సాయంత్రం ఐదున్నరకు పెట్టే డబ్బా అలవాటు చేసుకోండి, అంతే. నేను పదిమందికీ చెప్పేది గుగ్గిళ్లు. రాత్రి పడుకునే ముందు రెండు గుప్పిళ్ల నల్ల శనగలో, బొబ్బర్లో నీళ్లలో వేయండి. పొద్దున పళ్లు తోముకునే ముందే ఆ నీళ్లు వంపేసి, కొత్త నీళ్లు, ఉప్పు వేసి కుక్కర్ పెట్టండి. మీరు స్నానం చేసి వచ్చేసరికి నాలుగైదు కూతలు అయిపోతాయి. మూత తీశాక ఒక గింజ రెండు వేళ్ల మధ్య నొక్కితే చితకాలి, పొట్టు మాత్రం విడిపోకూడదు. చెంచాడు నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేసి, ఆవాలు చిటపటలాడాక గింజలు వేసి రెండు నిమిషాలు తిప్పండి. పచ్చికొబ్బరి ఉంటే పైన కొంచెం. చల్లారాక స్టీలు డబ్బాలో పెట్టండి. ఆఫీసు ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి పాడు కావు, చెమ్చా అయినా అక్కర్లేదు. వీటిని నమిలి తినాలి, అందుకే తొందరగా కడుపు నిండినట్టు ఉంటుంది. వారంలో రెండు రోజులు గుగ్గిళ్లు, రెండు రోజులు వేయించిన పల్లీలూ ఒక జామకాయా, ఒక రోజు ఉల్లిపాయ, టమాటా, నిమ్మకాయ పిండిన మరమరాలు. అయిదు రోజులూ గడిచిపోతాయి.

ఆ డబ్బా అలవాటయ్యాకే 30 రోజుల లెక్క మొదలుపెట్టండి.

ఇంట్లో ఉన్న ప్యాకెట్లన్నీ పారేయాలా అని అడిగారు. పారేయొద్దు. తెరిచినవి అయిపోనివ్వండి, తెరవనివి ఎవరికైనా ఇచ్చేయండి, కొత్తవి మాత్రం కొనొద్దు. తిండి చెత్తబుట్టలో వేసి మొదలుపెట్టిన నియమం నాకు నచ్చదు.

ఇప్పుడు చాలామంది రాయని విషయం ఒకటి రాయాలి. ప్యాకెట్ తిండి మానేస్తే ఆ పని ఎవరో ఒకరి చేతుల మీద పడుతుంది. మన ఇళ్లలో అది ఎవరి చేతులో అందరికీ తెలుసు. భర్త ఛాలెంజ్ పెట్టుకుంటాడు, భార్య ఉదయం నాలుగున్నరకు లేస్తుంది. రెండు వారాలకు ఆమె అలసిపోతుంది, ఆ ఇంట్లో ఛాలెంజ్ ముగుస్తుంది. తప్పు ఆమెది అన్నట్టు మాట్లాడటం కూడా విన్నాను, చాలా బాధ కలిగింది. ఈ నిర్ణయం మీది, కాబట్టి పనిలో పెద్ద వాటా మీరు తీసుకోండి. శనివారం మార్కెట్‌కు మీరు వెళ్లండి. రైతుబజార్‌కు పొద్దున్నే వెళ్తే ఆకుకూరలు తాజాగా దొరుకుతాయి. ఆదివారం గంటన్నర కూర్చుని తోటకూర, గోంగూర బాగుచేసి బట్టలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. పొడులు చేయడం నేర్చుకోండి. కందిపప్పు సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చి ఎర్రబడేదాకా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర కూడా వేయించి, చల్లారాక ఉప్పు, రెండు వెల్లుల్లి రెబ్బలతో మిక్సీ పడితే కందిపొడి. పదిహేను రోజులు ఉంటుంది. కూర వండలేని రాత్రి వేడన్నంలో ఈ పొడి, చెంచాడు నెయ్యి, పక్కన దోసకాయ ముక్కలు, చివర మజ్జిగ. ఆర్డర్ పెట్టి వచ్చేదాకా ఎదురుచూసే సమయంలో భోజనం అయిపోతుంది. పొద్దున పెసరట్టుకు రాత్రి పెసలు నానబెడితే చాలు, పులియాల్సిన పని లేదు. మిగిలిన అన్నంలో పాలు, తోడు వేసి రాత్రి మూతపెడితే పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిర్చితో చద్దన్నం.

పాతవన్నీ మంచివని మాత్రం అనుకోకండి. బెల్లం కూడా చక్కెరే. అందులో కొంచెం ఇనుము ఉందని రోజూ నాలుగు నువ్వుల ఉండలు తింటే షుగర్ ఉన్నవాళ్లకు లడ్డూ తిన్నట్టే. ఆవకాయ ఇంట్లో పెట్టిందైనా ఉప్పు ఉప్పే, అన్నంలో ఒక ముక్క కలుపుకోండి, అందులోనే తేలొద్దు. జంతికలు, చెక్కలు ఇంట్లో వేయించినా నూనెలో వేయించినవే. ప్యాకెట్లు మానేసి జంతికల డబ్బా ముందు కూర్చున్నవాళ్లను నేను చాలామందిని చూశాను, నెల చివర బరువు పెరిగారు.

మన తిండిలో ఇంకో దోషం కంచంలోనే ఉంది, తెల్ల బియ్యం. దీని వెనక పాత కథ ఉంది. బాగా పాలిష్ పట్టిన బియ్యమే ముఖ్యంగా తిన్న చోట్ల బెరిబెరి అనే జబ్బు వచ్చేది, కాళ్లు తిమ్మిరెక్కి, గుండె దెబ్బతినేది. తవుడుతో పాటు పోయే బి1 విటమిన్ లేకపోవడం దానికి కారణం. ఆ జబ్బు మీద పరిశోధన కోసం 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు తమిళనాడులోని కూనూరులో ఒక్క గదిలో మొదలుపెట్టిన పనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఇవాళ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. ఆ సంస్థ 2024లో భారతీయుల కోసం ఇచ్చిన సూచనల్లో 2000 కేలరీల కంచానికి ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులూ గుడ్లూ మాంసం లాంటివి కలిపి 85 గ్రాములు అని లెక్క ఇచ్చింది. ఒకసారి మీ ఇంట్లో వండకముందు తూకం వేసి చూడండి. ధాన్యం ఆ లెక్క దాటిపోతుంది, కూర సగానికి కూడా రాదు. కాబట్టి ప్యాకెట్లు మానడంతో పాటు కంచంలో కూర గరిటెలు రెండు పెంచండి. దంపుడు బియ్యం, కొర్రలు, జొన్నరొట్టె వారంలో రెండు మూడు పూటలతో మొదలుపెట్టండి. ఒక్కసారిగా మూడు పూటలా మారితే కడుపు ఉబ్బుతుంది, గ్యాస్ వస్తుంది, "ఇది నాకు పడదు" అని వదిలేస్తారు. పీచు మెల్లగా పెంచాలి, నీళ్లు ఎక్కువ తాగాలి.

మొదటి వారం తీపి మీద మనసు పోతుంది, చిరాకు ఉంటుంది. కూరలు చప్పగా అనిపిస్తాయి. రెండో వారం చివరికి చాలామందికి నాలుక మారుతుంది. అంతకుముందు మామూలుగా తాగిన కూల్ డ్రింకు వెగటుగా తియ్యగా అనిపించిందని ఎంతోమంది చెప్పారు. నాకూ అలాగే జరిగింది. ట్రైగ్లిజరైడ్స్ నాలుగు నెలలకు 160 అయ్యాయి, రోజూ నడిచాను కూడా, కాబట్టి అంతా తిండి వల్లేనని చెప్పను.

మీ అమ్మగారికి కూడా చేయిస్తానన్నారు, ఆమెకు షుగర్ ఉందన్నారు. ఆమె విషయంలో ముందు డాక్టర్‌తో మాట్లాడండి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే, తిండిలో అన్నం, తీపి ఒక్కసారిగా తగ్గినప్పుడు షుగర్ మరీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, మందు మోతాదు సరిచేయాల్సి వస్తుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఆకుకూరలు, పప్పులు ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్లు కూడా ఆకుకూరలు హఠాత్తుగా పెంచొద్దు.

పెళ్లిళ్లు, ఆఫీసు పార్టీలు వస్తాయి. వెళ్లండి, తినండి. బంతిలో కూర్చున్నాక వడ్డించేవాళ్లకు ప్రతి పదార్థం గురించీ లెక్చర్ ఇచ్చే మనిషిగా మారొద్దు. ఒక పూట తప్పితే తర్వాతి పూట నుంచి మళ్లీ మీ తిండి. నాలుగో రోజు మీరు ప్యాకెట్ తిన్నందువల్ల ఛాలెంజ్ పోలేదు, ఆ రాత్రే ఆపేయడం వల్ల పోయింది. 30 రోజుల్లో 26 రోజులు చేసినవాళ్లకు ఫలితం కనిపించడం నేను చూశాను.

చివరిగా పాప లంచ్ బాక్స్. పిల్లలకు "అది విషం, ముట్టుకోకు" అని చెప్పకండి. బడిలో పక్క పిల్ల డబ్బాలో అదే ఉంటుంది, వీళ్లు దాచుకుని తినడం నేర్చుకుంటారు. ఇంట్లో కొనరు, బయట ఎవరైనా పెడితే తినొచ్చు, అంతవరకే నియమం. బాక్సులో తనకు నచ్చేది ఉండాలి. చిన్న చిన్న పెసరట్లు నాలుగు, అరటిపండు ముక్కలు, ఉడికించిన మొక్కజొన్న గింజల మీద నిమ్మరసం, రాగిపిండిలో తురిమిన క్యారెట్ కలిపిన అట్టు. రాగులు వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఇస్తాయి, ఎదిగే పిల్లకు మంచిది. శనివారం రాత్రి శనగలు నానబెట్టే పని తనకే అప్పజెప్పండి. ఐదేళ్ల పిల్ల గిన్నెలో నీళ్లు పోసి, పొద్దున్నే లేచి గింజలు ఎంత ఉబ్బాయో చూడటానికి పరుగెత్తుకుంటూ వస్తుంది. మా అమ్మాయి అలాగే వచ్చేది. తను నానబెట్టిన శనగలను వద్దన్న రోజు లేదు.

మొదటి పది రోజులు అయ్యాక ఇక్కడే రాయండి. బరువు ఎంత తగ్గిందో రాయకపోయినా ఫర్వాలేదు, సాయంత్రం ఐదున్నరకు ఏం తిన్నారో రాయండి. అది చూసి తర్వాత ఏం మార్చాలో చెప్తాను.